ఆటల పీరియడ్: 5–2 నుంచి 5–7 దాకా

ముప్పై ఏళ్లు ఉమ్మడి నల్లగొండ జిల్లా హైస్కూళ్లలో పీఈటీగా పనిచేసి రిటైరైన టీచరు, పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.

ప్రశ్న: నమస్తే మేడం. నేను జడ్చర్ల దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. జూన్‌లో బడి తెరవగానే ఆరుగురు పిల్లలతో టెన్నిస్ టీమ్ కట్టాను. రోజూ సాయంత్రం బుట్ట నిండా బంతులు పెట్టుకుని ఒక్కొక్కరు నలభై సర్వీసులు వేస్తారు, తర్వాత ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్. ప్రాక్టీసులో చాలా బాగా ఆడతారు. జులై ఆఖరున మహబూబ్‌నగర్‌లో ఇంకో స్కూలుతో మా మొదటి మ్యాచ్ జరిగింది. రెండు సింగిల్స్, ఒక డబుల్స్, ఒక్కోటి ఒక్క సెట్. మూడూ ఓడిపోయాం: 2–6, 5–7, 6–7. రెండో సింగిల్స్ ఆడిన తొమ్మిదో తరగతి పిల్లవాడు 5–2 దాకా ముందుండి ఓడాడు. ఆ రోజు గాలి విపరీతంగా కొట్టింది, వాడి సర్వీసులన్నీ దానివల్లే పోయాయి. డబుల్స్‌లో గొడవ కూడా అయింది. టై బ్రేక్‌లో, అంటే 6–6 అయ్యాక సెట్ తేల్చే ఆఖరి గేమ్‌లో, ఒక బంతిని మావాళ్లలో ఒకడు అవుట్ అన్నాడు, రెండోవాడు లైన్ మీద పడిందన్నాడు. నేను బయటి నుంచి అవుట్ అని అరిచాను. అవతలి సారు కూడా లోపలికి వచ్చారు. అంతకుముందు స్కోరు మీద కూడా ఒకసారి తగవు పడ్డారు. తిరుగు బస్సులో ఒక్కరూ మాట్లాడలేదు. ఇంకో నెలలో సెలక్షన్లు ఉన్నాయి. వీళ్లకు ఏం చెప్పాలి, ఏం మార్చాలి? స్కోరు రాసిన కాగితం కూడా పంపుతున్నాను, మా ఎనిమిదో తరగతి పాప రాసింది.
— ఒక పీఈటీ, జడ్చర్ల

జవాబు: తమ్మీ, ముందు ఆ కాగితం గురించి చెప్పాలి. లెక్కల నోటుబుక్కులోంచి చింపిన పేజీ. మనకు వచ్చిన పాయింటుకు నిలువు గీత, పోయిన పాయింటుకు సున్న, డబుల్ ఫాల్ట్ (రెండు సర్వీసులూ తప్పి పాయింట్ పోవడం) అయితే ఆ సున్న మధ్యలో చుక్క. సైడ్ మారిన ప్రతిసారీ కింద అడ్డగీత. ఎవరు నేర్పారో గానీ ఆ రోజు మీ టీమ్‌లో అందరికన్నా నిదానంగా పని చేసింది ఆ పాపే. ఇక మీద ప్రతి మ్యాచ్‌కూ ఆమె చేతే రాయించండి. ఆమెకూ ఒక రాకెట్ ఇవ్వండి.

రెండు రోజులు ఆ కాగితం ముందేసుకుని కూర్చున్నాను. రెండో సింగిల్స్ సంగతి చూడండి. మొదటి గేమ్ మీవాడే సర్వ్ చేశాడు, కాబట్టి 1, 3, 5, 7, 9, 11 గేములు వాడివి. మొదటి నాలుగు సర్వీస్ గేములు కలిపి చుక్క సున్నలు మూడే. 5–3 దగ్గర తొమ్మిదో గేమ్ మొదలైంది. 40–15 వచ్చింది, అంటే మూడు పాయింట్లు మనకు, ఒకటి వాళ్లకు. ఇంకొక్క పాయింట్ వస్తే సెట్ మనదే. అక్కడి నుంచి పాప రాసిన వరస ఇది: చుక్క సున్న, సున్న, చుక్క సున్న, సున్న. గేమ్ పోయింది. పదకొండో గేమ్‌లో ఆడినవి ఐదు పాయింట్లు. అందులో నాలుగు సున్నలు, మూడింటిలో చుక్కలు. ఈ రెండు గేముల్లో పోయిన 9 పాయింట్లలో 5 ఎదుటి పిల్లవాడు రాకెట్ ఊపకుండానే వాడికి వచ్చాయి.

మీరు గాలి అన్నారు. వానాకాలం మొదట్లో పాలమూరు వైపు వీచే ఆ గాలి నాకు తెలుసు. ఎగరేసిన బంతి నెత్తి మీదికి రాకుండా పక్కకు జారిపోతుంది. కాదనను. కానీ పాప కొట్టిన అడ్డగీతలు ఒకసారి చూడండి. టెన్నిస్‌లో మొదటి గేమ్ అయ్యాక ఒకసారి, ఆపైన ప్రతి రెండు గేములకు ఒకసారి సైడ్ మారతారు. అందువల్ల మీవాడు తొమ్మిదో గేమ్ ఒకవైపు నుంచి, పదకొండో గేమ్ దానికి ఎదుటివైపు నుంచి సర్వ్ చేశాడు. ఒకవైపు గాలి ముఖాన కొడితే రెండోవైపు వీపున కొడుతుంది. రెండు వైపులా సర్వ్ ఒకేలా పాడైంది. అంతకుముందు నాలుగు గేములూ అవే రెండు వైపుల నుంచి, అదే గాలిలో, పరవాలేదనిపించేలా వేశాడు. మధ్యలో మారింది స్కోరు. అందుకే గాలి మాట ఆ పిల్లవాడితో అనకండి. అంటే వచ్చే మ్యాచ్‌లో వాడు చెట్ల ఆకులు చూస్తూ నిలబడతాడు.

ఇక మీ బుట్ట సర్వీసులు. నలభైలో ముప్పయ్యోది నెట్‌లో పడితే ఏం పోయింది? ముప్పై ఒకటోది చేతికి అందే దూరంలోనే ఉంది. అప్పటికి భుజం వేడెక్కి ఉంటుంది, ఊపు కుదిరి ఉంటుంది, ఎదురుగా ఎవరూ ఉండరు, స్కోరు ఉండదు. మ్యాచ్‌లో సర్వీసు అట్లా రాదు. ఈ మూల నుంచి ఆ మూలకు ఉరికి, రొప్పుతూ వచ్చి నిలబడి ఒక్క బంతి వేయాలి. అది పోతే ఇంకొక్కటి, అంతే. పిల్లలకు షాట్లన్నీ నేర్పారు, మ్యాచ్ ఆడటం మాత్రం నేర్పలేదు. ఇది మీ మీద నింద కాదు, నా మొదటి టీమ్‌కు నేను చేసిందీ అదే.

నేను చేరిన మూడో ఏడు. దేవరకొండ వైపు ఒక ఊళ్లో ఉన్నాను. టెన్నిస్ నెట్ కొనడానికి డబ్బు లేదు. మట్టి గ్రౌండులో సున్నంతో గీతలు గీసి, వాలీబాల్ నెట్‌ను కిందికి దించి రెండు కర్రలకు కట్టాం. దాని కన్నాలు పెద్దవి, టెన్నిస్ బంతి అందులోంచి దూరి అవతలికి పోయేది. దాటి వచ్చిందా, దూరి వచ్చిందా అని ఆడపిల్లలు రోజూ తగవు. ఆ ప్రాక్టీసుతోనే నల్లగొండకు బస్సెక్కించి మొదటి మ్యాచ్‌కు తీసుకుపోయాను. అక్కడ సరైన నెట్, నడుమ తెల్లటి పట్టీ. మా పిల్ల ఒకతి దగ్గరికి పోయి దాన్ని చేత్తో తడిమి చూసి, "మేడం, ఇది నడుమల కుంగింది, గట్టిగ గుంజమనండి" అన్నది. కుంగలేదు. టెన్నిస్ నెట్ గుంజల దగ్గర మూడున్నర అడుగులు, మధ్యలో మూడే అడుగులు. పట్టీ కట్టేదే అందుకు. నేను పుస్తకంలో చదివి కూడా పిల్లలకు చెప్పలేదు. మా వాలీబాల్ నెట్ మాత్రం ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే ఎత్తు. ఆ రోజు వాళ్లు రెండో సర్వీసు కూడా పక్క గీత వైపే, నెట్ ఎత్తుగా ఉన్న చోటి నుంచే వేసి, మళ్లీ మళ్లీ నెట్‌కే కొట్టారు. ఆ ఆరంగుళాల సంగతి ముందే చెప్పి ఉంటే కనీసం నాలుగు గేములు దక్కేవి. ఇన్నేళ్లయినా ఆ పిల్ల చెయ్యి ఆ తెల్ల పట్టీ మీద కనిపిస్తూనే ఉంటుంది నాకు.

కాబట్టి రేపటి నుంచి బుట్ట సర్వీసులు సగం చేయండి. మిగిలిన టైములో ఒక్కొక్కణ్నీ బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) మీద ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు ఉరికించండి. ఆగగానే 25 సెకన్లు లెక్కపెట్టండి. పాయింటుకూ పాయింటుకూ మధ్య రూల్స్ ఇచ్చే గడువు అంతే. ఆ 25 సెకన్లలో ఏం చేయాలో వాడికి ముందే తెలిసి ఉండాలి. నెట్ వైపు వీపు పెట్టి నాలుగడుగులు నడవాలి, తీగలు సవరించుకోవాలి, నిండుగా ఒక ఊపిరి తీసి వదలాలి, బంతిని మూడుసార్లు నేలకు కొట్టాలి, స్కోరు గట్టిగా చెప్పాలి. ఎప్పుడూ అదే వరస. ఆ తర్వాత సర్వ్. అది కూడా మొదటి బంతి పోయిందనుకుని రెండో బంతి ఒక్కటే. స్కోరు 30–40 అని మీరే చెప్పండి. పడకపోతే గేమ్ పోయినట్టే, రాకెట్ పక్కవాడికి ఇచ్చేయాలి. మిగతా ఐదుగురూ చుట్టూ నిలబడి చూడాలి. మొదటి రెండు రోజులు చేతులు వణుకుతాయి. వణకనివ్వండి. ఆ టెన్షన్ ఏదో మీ గ్రౌండులోనే పడి తీరాలి.

రెండో బంతి అనగానే మన పిల్లలు చెయ్యి ఆపేసి, మెల్లగా తట్టి పంపుతారు. ఆగిన చెయ్యి బంతిని నెట్‌లోనే వేస్తుంది. చెయ్యి మొదటి సర్వీసులాగే పూర్తిగా ఊపాలి, కాకపోతే బంతిని కింది నుంచి పైకి రాసుకుంటూ తిప్పాలి. ఆ తిరుగుడు వల్ల బంతి నెట్ మీద ఎత్తుగా పోయి కూడా బాక్సులోకి, అంటే సర్వీసు పడాల్సిన గడిలోకి, వంగుతుంది. వేయాల్సిన చోటు బాక్స్ మధ్య గీత వైపు, అటే నెట్ తక్కువ. గాలి ఉన్న రోజు బంతిని మరీ పైకి ఎగరేయొద్దనండి. టాస్ పక్కకు పోతే కొట్టకుండా పట్టుకుని మళ్లీ ఎగరేయవచ్చు, అది ఫాల్ట్ కాదు. చాలామంది పిల్లలకు ఈ సంగతి తెలియక, చెడ్డ టాస్‌నే కొట్టి పాయింట్ పోగొట్టుకుంటారు.

మొదటి సింగిల్స్ 2–6 గురించి రాయడానికి ఏమీ లేదు. చుక్కలు రెండే ఉన్నాయి. ఎదుటి పిల్లవాడు మీవాడికన్నా బాగా ఆడాడు.

డబుల్స్ గురించి మాత్రం మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. అంపైర్ లేని మ్యాచ్‌లో ఎవరి వైపు పడ్డ బంతిని వాళ్లే చెప్పాలి. గీతను వెంట్రుకవాసి తాకినా లోపలే. సరిగ్గా కనబడకపోతే, అనుమానం వస్తే, ఆ లాభం ఎదుటివాళ్లకు ఇవ్వాలి. జోడీలో ఒకరు బయట, ఒకరు లోపల అన్నారంటే అనుమానం ఉన్నట్టే కదా, కాబట్టి లోపల పడినట్టే లెక్క. ఆ పాయింట్ అవతలివాళ్లది. మీరు ఫెన్సింగ్ బయట నిలబడి ఏం చూశారన్నది దీనిలోకి రాదు. "లైన్ మీద పడింది" అన్న పిల్లవాడు టై బ్రేక్‌లో, తన జోడీ మాటకు ఎదురు వెళ్లి, తనకు నష్టమని తెలిసీ నిజం చెప్పాడు. ఆ వయసులో అది ఎంత కష్టమో మీకూ తెలుసు. అప్పుడే వాళ్ల సారు, అంటే మీరు, బయటి నుంచి అవుట్ అని అరిచారు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఏమనుకుంటున్నాడు? తను తప్పు చేశాననుకుంటున్నాడు, వాడి వల్లే ఓడామని పక్కవాడు అనుకుంటున్నాడు. బస్సులో ఎవరూ మాట్లాడకపోవడానికి ఓటమి ఒక్కటే కారణమని నేను అనుకోను.

సోమవారం ప్రార్థన కాగానే ఆరుగురినీ పిలవండి. "నువ్వు చెప్పిందే రైటు, నేను అరవకూడదు" అని అందరి ముందు వాడికి చెప్పండి. నా సర్వీసులో రెండుసార్లు పిల్లల ముందు ఇట్లా ఒప్పుకోవాల్సి వచ్చింది. రెండుసార్లూ గొంతు పట్టేసింది, అయినా చెప్పాను. ఇది సెలక్షన్ల లోపు చేయాల్సిన అన్ని పనులకన్నా ముందు పని.

స్కోరు మీద తగవుకు మందు సులువు. సర్వ్ చేసేవాడు ప్రతి పాయింట్ ముందు స్కోరు ఎదుటివాళ్లకు వినబడేలా చెప్పాలి, ప్రతి గేమ్ ముందు సెట్ స్కోరు చెప్పాలి. అయినా తేడా వస్తే మొదటి నుంచి ఒక్కొక్క పాయింటూ గుర్తు చేసుకోవాలి. ఒకరు 40–30 అంటారు, ఇంకొకరు 30–40 అంటారు అనుకోండి. ఏ ఒక్క పాయింట్ దగ్గర తేడా వచ్చిందో తేలితే దాన్ని పక్కన పెడతారు. చెరి రెండు పాయింట్లు వచ్చాయన్నది ఇద్దరూ ఒప్పుకున్నదే కదా, కాబట్టి 30–30 నుంచి ఆడతారు. గేమ్ మొత్తం కొట్టేయనక్కర్లేదు, కొట్లాడనక్కర్లేదు. ఒక సాయంత్రం మీరే కావాలని తగవు పెట్టి, వాళ్ల చేతే తీర్పు చేయించండి.

చివరగా ఆ 5–2 పిల్లవాడు. వాడికి ఓదార్పు మాటలు వద్దు. కాగితం పక్కన పెట్టుకుని కూర్చోబెట్టి, 40–15 దగ్గర బంతి చేతిలో ఉన్నప్పుడు ఏమనుకున్నావురా అని అడగండి. తిట్టడానికి అడగటం లేదని వాడికి తెలియాలి. నేను అడిగిన పిల్లల్లో చాలామంది కాసేపు నేల చూసి, దాదాపు ఒకే మాట చెప్పారు: "గెలిచినంక ఇంటికి పోయి ఎట్ల చెప్పాల్నో అనుకుంటున్న మేడం." మీవాడూ అదే చెప్తే, ఆ వెంటనే గ్రౌండులోకి తీసుకుపోయి 40–15 అని స్కోరు చెప్పి బంతి చేతికివ్వండి.

ప్రశ్న: అక్కా, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూలు టీమ్‌లో టెన్నిస్ ఆడుతుంది. ఈ సీజన్ మొదటి మ్యాచ్‌లో సింగిల్స్ 1–6తో ఓడింది. వాళ్ల సారు ఆమెను డబుల్స్‌కు మార్చారు. పనికిరానని అక్కడ వేశారని ఏడుస్తోంది, రెండు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. వచ్చే ఏడు పదో తరగతి, ఇక ఆపేయమని వాళ్ల నాన్న అంటున్నారు. డబుల్స్ అంటే తక్కువా?
— ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: చెల్లీ, మన పక్కనే ఉన్న హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా సంగతి మీ పాపకు చెప్పండి. 2003లో వింబుల్డన్‌లో బాలికల టైటిల్ గెలిచింది, డబుల్స్‌లో. 2005లో హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ (మహిళల ప్రపంచ టెన్నిస్ టూర్) సింగిల్స్ టైటిల్ గెలిచింది. మన దేశం నుంచి అలా గెలిచిన మొదటి మహిళ ఆమే. సింగిల్స్‌లో ఆమె అందుకున్న పెద్ద ర్యాంకు 27. డబుల్స్‌లోనో, 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆమె గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లలో మూడు మహిళల డబుల్స్, మూడు మిక్స్‌డ్ డబుల్స్. డబుల్స్ తక్కువ ఆట అని ఆమె ముందు ఎవరూ అనలేరు.

కానీ ఊరికే డబుల్స్‌లోకి దిగితే కాదు, అది వేరే ఆట. కోర్టు వెడల్పు 27 అడుగుల నుంచి 36 అవుతుంది. ఇద్దరి మధ్య పడే బంతి ఎవరిది అన్నది కొత్త జోడీలకు పెద్ద చిక్కు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, బంతి మధ్యలోంచి పోతుంది. ప్రతి బంతికీ "నాది", "నీది" అని నోటితో అనడం అలవాటు చేసుకోమనండి. సిగ్గుపడే పిల్లలకు మొదట్లో నోరు పెగలదు. ఇంట్లో బట్టలు ఆరేసేటప్పుడు బాల్ మీదికి విసిరి "ఎవరిది" అని అడిగే తల్లిని ఒకామెను చూశాను సూర్యాపేటలో. ఆమె కూతురు నెలలో మారింది. సారును కూడా అడగండి, ఎందుకు మార్చారో. నెట్ దగ్గర చురుగ్గా ఉందని మార్చి ఉండవచ్చు, పిల్లకు చెప్పడం మరిచి ఉండవచ్చు. పిల్లలకు కారణం చెప్పకపోతే ఉన్నవాటిలో చెడ్డదాన్నే ఊహించుకుంటారు.

మీ వారికి నా మాటగా ఇది చెప్పండి. పదో తరగతిలో ప్రాక్టీసు టైము తగ్గించుకోవచ్చు, అప్పటి సంగతి అప్పుడు కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఓడిన వారంలోనే మాన్పిస్తే మాత్రం, చదువు కోసం మాన్పించారని పిల్ల నమ్మదు. ఓడినందుకు మాన్పించారనే అనుకుంటుంది. ఒక మ్యాచ్ కోసం అన్నం మానేసిన పిల్లకు ఆ ఆట మీద ఎంత ఇష్టమో మీరే చూస్తున్నారు.

ప్రశ్న: మేడం, నేను పదో తరగతి. వానల వల్ల మా సిమెంటు కోర్టు రోజూ తడిగా ఉంటోంది. బంతులు కూడా సరిగా ఎగరడం లేదు. పది రోజుల్లో మ్యాచ్ ఉంది. ఎట్లా ప్రాక్టీసు చేయాలి?
— ఒక విద్యార్థి, వనపర్తి

జవాబు: బిడ్డా, తడి సిమెంటు మీద ఉరకొద్దు. మడమ మెలిపడితే ఆ మ్యాచే కాదు, సీజన్ అంతా పోతుంది. బడి వరండాలో గోడ ఉంటుంది కదా, హెడ్మాస్టర్ గారిని అడిగి దాని మీద మూడు అడుగుల ఎత్తున సుద్దముక్కతో గీత గీయి. ఆ గీత పైన తగిలేలా ఆపకుండా ఎన్ని కొట్టగలవో లెక్కపెట్టు. టాస్‌కు కోర్టే అక్కర్లేదు. సర్వ్ చేసేటట్టు నిలబడి, ముందు పాదం పక్కన కొంచెం ముందుకు రాకెట్ నేల మీద పెట్టు, ఎగరేసిన బంతి కింద పడితే దాని మీదే పడాలి. రోజుకు యాభైసార్లు చెయ్యి.

బంతుల సంగతి. కొత్త బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే ఎనిమిది అడుగుల నాలుగు అంగుళాల నుంచి గచ్చు మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్లు ఎగరాలి. గోడ మీద రెండు గుర్తులు పెట్టి, స్టూలెక్కి వదిలి చూడు. మరీ కిందే ఆగిపోయే వాటిని టాస్‌కు ఉంచుకో. తడిసిన బంతి బరువెక్కుతుంది, దానితో గట్టిగా సర్వ్ చేస్తే భుజం నొప్పి పుడుతుంది. అందరూ తలా కొంత వేసుకుని ఒక కొత్త డబ్బా కొనండి, కానీ ఇప్పుడే మూత తీయొద్దు. తీసిన దగ్గర నుంచి బంతిలో గాలి తగ్గుతూ వస్తుంది. మ్యాచ్‌కు రెండు రోజుల ముందు తెరిచి వాటితోనే ఆడండి. ఇన్నాళ్లూ చచ్చిన బంతులతో ఆడిన చెయ్యి కొత్త బంతిని మొదట్లో గీత దాటించి కొడుతుంది. ఆ రెండు రోజుల్లో అది సర్దుకుంటుంది.